భోజనాల దగ్గర ఏ భాష? స్పానిష్–ఇంగ్లీష్ పిల్లలున్న ఇంటికి ఎంపిక సలహా

అమెరికాలో 4 కోట్ల మందికి పైగా ఇంట్లో స్పానిష్ మాట్లాడతారు. వాళ్ల పిల్లలకు ఇంగ్లీష్ రాకుండా పోదు. బడి, ఆటస్థలం, టీవీ, పక్కింటి పిల్లలు కలిసి నేర్పేస్తారు. స్పానిష్‌కు ఆ వసతి లేదు. ఇంట్లో ఎంత వినబడితే అంతే వస్తుంది. పెద్దలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో అందరూ ఒకచోట కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూసుకునే సమయం చాలాసార్లు రాత్రి భోజనం ఒక్కటే. ఆ ఇరవై ముప్పై నిమిషాలను ఏ భాషకు, ఎలా ఇవ్వాలన్నదే ఇక్కడ విషయం. 2 నుంచి 7 ఏళ్ల పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాం.

భోజనం దగ్గర మాట చిన్నపిల్లలకు ఎందుకు అంత బాగా అంటుకుంటుందంటే, అక్కడ మాట్లాడే వస్తువు కళ్లెదుటే ఉంటుంది, అదే మాట రోజూ తిరిగి వస్తుంది, పైగా పిల్లకు ఆ మాటతో నిజంగా పని ఉంటుంది. ఇంకో రొట్టె కావాలంటే అడగాలి కదా. హార్వర్డ్‌లో కేథరిన్ స్నో బృందం ఏళ్ల తరబడి చేసిన పరిశోధనలో ఇళ్లల్లో భోజనాల దగ్గరి మాటలు రికార్డు చేశారు. అరుదైన మాటలు ఎక్కువగా దొర్లే ఇళ్లల్లో పిల్లల పదసంపద తర్వాత కూడా మెరుగ్గా కనిపించింది. "తిను, తాగు, చాలు" దగ్గర ఆగిపోయే భోజనం కడుపు నింపుతుంది గానీ భాషను పెంచదు.

ముందు మీ ఇంటి సంగతి చూసుకోండి

పద్ధతి ఎంచుకునే ముందు మూడు విషయాలు తేల్చుకోవాలి. బల్ల దగ్గర కూర్చునేవాళ్లలో స్పానిష్ అర్థం కానివాళ్లు ఎవరైనా ఉన్నారా? మాట్లాడలేకపోయినా అర్థమైతే చాలు, అది వేరే సంగతి. రెండోది, స్పానిష్ వచ్చిన పెద్దమనిషి వారంలో ఎన్ని రాత్రులు ఇంట్లో ఉంటారు? రెస్టారెంట్ వంటింట్లోనో ఆసుపత్రి షిఫ్టులోనో పనిచేసే తండ్రి వారంలో రెండు రాత్రులే ఇంట్లో తింటుంటే, ఆయన మీద పెట్టిన పద్ధతి ఆ రెండు రాత్రులే నడుస్తుంది. మూడోది, పిల్ల ప్రస్తుతం స్పానిష్‌లో ఏం చేయగలదు? విని అర్థం చేసుకుంటోందా, ఒక్కో మాట అంటోందా, రెండు మూడు వాక్యాలు కలిపి చెబుతోందా? మూడు రోజులు భోజనాల దగ్గర కాగితం మీద గుర్తులు పెట్టుకుంటే తెలిసిపోతుంది. తల్లిదండ్రుల అంచనాకూ కాగితం మీది లెక్కకూ చాలా తేడా వస్తుంది. పిల్ల స్పానిష్ మాట్లాడుతోందనుకున్న ఇళ్లల్లో చాలాసార్లు మాట్లాడేది పెద్దలే, పిల్ల తలూపుతూ ఉంటుంది.

బల్ల అంతా స్పానిష్

ఇంట్లో అందరికీ స్పానిష్ అర్థమైతే ఇంకేమీ ఆలోచించకుండా దీన్నే తీసుకోమంటాం. ఇలా గట్టిగా చెప్పడానికి ఆధారం ఉంది. బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో, అంటే బడి భాష డచ్ అయిన చోట, భాషా పరిశోధకురాలు అనిక్ డి హౌవర్ దాదాపు 1,900 కుటుంబాల వివరాలు పోల్చి 2007లో ప్రచురించారు. తల్లిదండ్రులిద్దరూ ఇంట్లో డచ్ కాని భాషే మాట్లాడిన ఇళ్లల్లో సుమారు 97 శాతం చోట్ల పిల్లలు కూడా ఆ భాష మాట్లాడారు. ఇద్దరూ రెండు భాషలూ వాడిన ఇళ్లల్లో అది 79 శాతం. ఒకరు ఒక భాష, ఇంకొకరు ఇంకో భాష అన్న ఇళ్లల్లో 74 శాతం. ఒకరు డచ్ మాత్రమే, రెండోవారు రెండూ కలిపి మాట్లాడిన ఇళ్లల్లో 36 శాతానికి పడిపోయింది. అవి స్పానిష్ ఇళ్లు కావు. కానీ బయటి భాష బలం ముందు ఇంటి భాష నిలబడే తీరు ఈ అంకెల్లో బాగా కనిపిస్తుంది.

ఆచరణలో ఇలా చేయాలి. అందరూ కూర్చున్నప్పటి నుంచి కంచాలు తీసేదాకా స్పానిష్. మొదటి రెండు వారాలు ఆరు మాటలే పట్టుకోండి: మె పాసస్ (అందిస్తావా), కియేరో మాస్ (ఇంకా కావాలి), యా నో కియేరో (ఇక వద్దు), తెంగో సేద్ (దాహంగా ఉంది), ఎస్తా రీకో (బాగుంది), గ్రాసియస్. ఈ ఆరూ నోట్లో నానాక ప్రశ్నలు చేర్చండి. టీవీ, ఫోన్లు కట్టేయాలి. మాట కోసం పిల్ల వెతుక్కునే రెండు మూడు సెకన్ల మౌనాన్ని తెర లాగేసుకుంటుంది.

ఈ పద్ధతి చెడేది సాధారణంగా రెండు చోట్ల. ఒకటి, బడిలో ఏదైనా పెద్ద విషయం జరిగి పిల్ల పొంగిపోతూనో ఏడుస్తూనో వచ్చిన రోజు. ఆ కథ ఆమెకు ఇంగ్లీష్‌లోనే జరిగింది, ఇంగ్లీష్‌లోనే వస్తుంది. "స్పానిష్‌లో చెప్పు" అని ఆపితే కథే ఆగిపోతుంది, రేపటి నుంచి చెప్పడమూ మానేస్తుంది. పూర్తిగా వినండి, మీరు మాత్రం స్పానిష్‌లోనే ఊకొట్టండి, ఆఖర్న ఆ కథను స్పానిష్‌లో రెండు వాక్యాల్లో మీరే తిరిగి చెప్పండి. రెండోది, తప్పులు దిద్దడం. ప్రతి వాక్యానికీ దిద్దుబాటు వస్తుంటే అన్నం సయించదు, భాషా సయించదు.

కొన్ని ఇళ్లల్లో ఇంకో చిక్కుంది. బామ్మకు స్పానిష్ చక్కగా వచ్చు, కానీ మనవరాలితో ఇంగ్లీష్‌లోనే మాట్లాడుతుంది. టెక్సస్‌లోని మార్ఫాలో బ్లాక్‌వెల్ స్కూల్ అని మెక్సికన్ అమెరికన్ పిల్లలను విడిగా పెట్టిన బడి ఉండేది. అక్కడ 1954లో పిల్లల చేత కాగితాల మీద రాయించి, "మిస్టర్ స్పానిష్"కు అంత్యక్రియలని చెప్పి గొయ్యి తీసి పాతించారు. ఇప్పుడు ఆ బడి జాతీయ చారిత్రక స్థలం. స్పానిష్ మాట్లాడితే బడిలో దండన పడిన తరం వాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. అలాంటి పెద్దావిడకు పద్ధతుల గురించి చెప్పి లాభం లేదు. ఆవిడ చేతికి ఒక పని ఇవ్వండి. రొట్టెలు వడ్డించే బాధ్యత ఆవిడది, అడిగితేనే ఇస్తుంది, స్పానిష్‌లోనే అడగాలి. పది రోజుల్లో ఇద్దరి మధ్యా స్పానిష్ దానంతటదే నడుస్తుంది. అన్నట్టు అబ్వేలా అంటే అమ్మమ్మా కావచ్చు, నాయనమ్మా కావచ్చు. మన భాషలో ఉన్న ఆ తేడా అక్కడ లేదు.

ఒకరికి ఒక భాష

అమ్మ స్పానిష్, నాన్న ఇంగ్లీష్. ఈ పద్ధతి పేరు అందరికీ తెలుసు. ఫ్రాన్స్‌లో జూల్ రోంజా అనే భాషావేత్త తన కొడుకును ఫ్రెంచ్, జర్మన్ భాషల్లో ఇలా పెంచి 1913లో పుస్తకం వేశాడు, అప్పటి నుంచీ దీనికి పేరొచ్చింది. ఒకరికి స్పానిష్ బొత్తిగా రాని ఇంటికి ఇదే దారి.

కానీ ఇది ఇద్దరి మధ్య మాటకు సరిపోయినట్టు నలుగురు కూర్చున్న బల్లకు సరిపోదు. అమ్మ పిల్లతో స్పానిష్‌లో మాట్లాడుతుంది, నాన్నతో ఇంగ్లీష్‌లో, నాన్న అందరితో ఇంగ్లీష్‌లో, అన్నా చెల్లెలు వాళ్లలో వాళ్లు ఇంగ్లీష్‌లో. లెక్క వేస్తే ముప్పై నిమిషాల్లో స్పానిష్ ఐదారు నిమిషాలకు మించదు. అమ్మకు ఇంగ్లీష్ వచ్చని పిల్లకు ఎలాగూ తెలుసు.

అయినా ఇదే మీ దారి అయితే మూడు మార్పులు చేసుకోండి. స్పానిష్ మాట్లాడేవారు పిల్లకు పక్కన కాకుండా ఎదురుగా కూర్చోవాలి. కళ్లూ నోరూ కనబడాలి. పెద్దలిద్దరి మధ్య సాగే ఉద్యోగం కబుర్లు భోజనం అయ్యాక పెట్టుకోవాలి. నాన్నకు మాట్లాడడం రాకపోయినా ఆ బల్ల మీది యాభై అరవై మాటలు అర్థమయ్యేలా నేర్చుకోవాలి. "వాట్ డిడ్ షి సే?" అని నాన్న ప్రతిసారీ అడిగితే అమ్మ మెల్లగా ఇంగ్లీష్‌లోకి జారిపోతుంది. అది ఎవరి తప్పూ కాదు, మర్యాద కొద్దీ జరిగేదే. ఆయన నేర్చుకుంటే ఆ అవసరం పోతుంది.

పూటను బట్టి, రోజును బట్టి

పొద్దున టిఫిన్ ఇంగ్లీష్, రాత్రి స్పానిష్. లేదా శని, ఆది రెండూ స్పానిష్. స్పానిష్ కొంచెం మరిచిపోయిన తల్లిదండ్రులకు ఇదే మంచిది. రోజంతా నడపలేనివాళ్లు కూడా ఒక్క పూటకు కావలసిన మాటలు ముందే సిద్ధం చేసుకోగలరు. మూడేళ్ల పిల్లకు "మంగళవారం" అంటే ఏమిటో తెలియదు కాబట్టి కంటికి కనిపించే గుర్తు ఉండాలి. స్పానిష్ పూటకు ఒక రంగు బల్లగుడ్డ, లేదా ఒక ప్రత్యేకమైన నీళ్ల జగ్గు. గుడ్డ పరిస్తే స్పానిష్, తీస్తే అయిపోయింది. ఆ గుడ్డ పరిచే పని పిల్లదే అయితే ఇంకా మంచిది.

ఇది ఎక్కడ తేలిపోతుందంటే, ఎంచుకున్న పూట బలహీనంగా ఉన్నప్పుడు. బడి బస్సు కోసం పరుగెత్తే పొద్దుటి పూటను స్పానిష్‌కు ఇస్తే ఆ భాషలో పిల్లకు వినబడేది "త్వరగా, త్వరగా" ఒక్కటే. వారంలో అన్నిటికంటే తీరిక ఉన్న పూట ఏదో అది స్పానిష్‌కు ఇవ్వండి. తిన్నాక కూడా లేవకుండా బల్ల దగ్గరే కూర్చుని కబుర్లాడడానికి స్పానిష్‌లో సోబ్రెమేసా అని ప్రత్యేకంగా ఒక మాటే ఉంది. చిన్నపిల్లలు అంతసేపు కూర్చోరు. రెండేళ్ల వాళ్లు పది పదిహేను నిమిషాలకే దిగిపోతారు, దిగనివ్వండి. నాలుగు దాటినవాళ్లకు ఒక పండు ముక్కలు కోసి మధ్యలో పెడితే ఇంకో పది నిమిషాలు ఉంటారు. అసలైన కథలు ఆ పది నిమిషాల్లోనే బయటికొస్తాయి.

కలిపి మాట్లాడడం

"దామె ద స్పూన్" (చెంచా ఇవ్వు) అనే ఇల్లు. మనం "ప్లేట్ కడిగి టేబుల్ తుడిచెయ్" అంటాం చూడండి, దానికి దగ్గరి చుట్టం. దీన్ని చెడ్డ అలవాటనడం అన్యాయం. న్యూయార్క్‌లోని ప్యూర్టోరికన్లు రెండు భాషలూ కలిపి మాట్లాడే తీరును భాషావేత్త షానా పోప్లాక్ 1980లో విశ్లేషించి చూపించారు: రెండూ బాగా వచ్చినవాళ్లే వాక్యం మధ్యలో భాష మారుస్తారు, అదీ రెండు వ్యాకరణాలూ చెడకుండా.

అయితే ఆ నేర్పు రెండు భాషలూ నిండుగా విని పెరిగినవాళ్లది. మూడేళ్ల పిల్ల వినేదే కలిపిన భాష అయితే ముందు వస్తువుల పేర్లు ఇంగ్లీష్‌లోకి వెళ్తాయి, తర్వాత క్రియలు, చివరికి అబ్వేలా, పోర్ ఫవోర్ (దయచేసి), తిండి పేర్లు మిగులుతాయి. అందుకని చిన్నపిల్లలున్న బల్లకు దీన్ని పద్ధతిగా ఎంచుకోవద్దంటాం. ఇప్పటికే కలిపి మాట్లాడే ఇల్లయితే ఒక్కసారిగా మానుకోనక్కర్లేదు. బల్ల మీద కనబడే వస్తువుల పేర్లన్నీ, వాటికి పట్టే క్రియలూ స్పానిష్‌లోనే అనాలని ఒక్క కట్టుబాటు పెట్టుకోండి: కుచారా (చెంచా), తెనెదోర్ (ఫోర్కు), వాసో (గ్లాసు), ప్లాతో (కంచం), సెర్వియేతా (నేప్కిన్), కోర్తా (కొయ్యి), సీర్వె (వడ్డించు), లింపియా (తుడువు). మిగతాది ఎలా నడిస్తే అలా నడవనివ్వండి.

పిల్ల ఇంగ్లీష్‌లో బదులిస్తే

ఏ పద్ధతి పెట్టుకున్నా ఇది వస్తుంది, ముఖ్యంగా ఐదారేళ్లకు, బడి మొదలయ్యాక. ఈ క్షణంలో పెద్దలు చేయగలిగే పనులను భాషావేత్త ఎలిజబెత్ లాంజా ఐదుగా విడదీశారు. ఉదాహరణకు పిల్ల "మోర్ మిల్క్" అంది. ఒకటి, అర్థం కానట్టు "కె?" (ఏమిటి?) అని అడగడం. రెండు, "కియేరెస్ మాస్ లేచె?" (ఇంకా పాలు కావాలా?) అని ఊహించి అడగడం. మూడు, "మాస్ లేచె" అని ఆ మాటనే స్పానిష్‌లో పలకడం. నాలుగు, ఏమీ అనకుండా పాలు పోసేయడం. ఐదు, మనమే ఇంగ్లీష్‌లోకి మారిపోవడం. పైనుంచి కిందికి వచ్చేకొద్దీ పిల్ల మీద ఒత్తిడి తగ్గుతుంది, స్పానిష్‌లో బదులు వచ్చే అవకాశం కూడా తగ్గుతుంది.

చిన్నపిల్లలకు రెండోది అన్నిటికంటే మేలు. కావలసిన మాట వినిపిస్తుంది, ఒక్క "సీ" (అవును)తో ముగించే దారీ ఉంటుంది. ఆ "సీ" వచ్చాక గ్లాసు చేతిలో పట్టుకుని ఒక్క క్షణం ఆగండి, చాలాసార్లు "మాస్ లేచె" అని తనే అంటుంది. అనకపోతే పోసేయండి. పాలు బందీ కాకూడదు. మొదటిది, అంటే అర్థం కానట్టు నటించడం, ఇంగ్లీష్ నిజంగా రాని బామ్మ చేస్తేనే పిల్లకు సబబుగా ఉంటుంది. ఆఫీసు ఫోను ఇంగ్లీష్‌లో మాట్లాడే అమ్మ చేస్తే ఆటపట్టించినట్టు ఉంటుంది.

ఏ వంటకం ఎక్కువ మాట్లాడిస్తుంది

దీని మీద తల్లిదండ్రులు పెద్దగా దృష్టి పెట్టరు, ఫలితం మాత్రం మొదటి రాత్రే కనిపిస్తుంది. కంచంలో అన్నీ వడ్డించి ముందు పెట్టేస్తే పిల్ల అడగవలసింది ఏమీ ఉండదు. ఎవరికి వారు కలుపుకుని తినే వంటకమైతే ప్రతి ముద్దకూ ఒక మాట కావాలి.

టాకోలు, అంటే తోర్తియా అనే పల్చని మొక్కజొన్న రొట్టెలో కావలసినవి పెట్టుకుని మడిచి తినేవి, అందుకే మా మొదటి ఎంపిక. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలకు 12 తోర్తియాలు, 300 గ్రాముల ఉడికించి పీచుగా చీల్చిన కోడిమాంసం, కప్పున్నర ఫ్రిహోలెస్ (ఉడికించిన బీన్స్ గింజలు), ఒక అగ్వకాతె (అవకాడో), కొంచెం చీజ్, కొత్తిమీర–ఉల్లి తరుగు, రెండు నిమ్మకాయలు సరిపోతాయి. గిన్నెలు పిల్లకు కనబడాలి, చేతికి అందకూడదు. స్పానిష్ మాట్లాడేవారి దగ్గర మూడు గిన్నెలు ఉంచండి. "మె పాసస్ లోస్ ఫ్రిహోలెస్, పోర్ ఫవోర్?" అన్నది ఒక్క భోజనంలో ఎనిమిది పది సార్లు వస్తుంది, పేరు మారుతూ వాక్యం అదే. చిన్నపిల్లకు వాక్యం పట్టుబడేది అలాగే.

తోర్తియాలు ఇంట్లో చేస్తే పిల్లలకు ఇంకో అరగంట పని. 2 కప్పుల మాసా అరీనా, అంటే సున్నపు నీళ్లలో ఉడికించిన మొక్కజొన్నతో చేసిన పిండి, అర టీస్పూను ఉప్పు, సుమారు కప్పున్నర గోరువెచ్చని నీళ్లు. కలిపి తడిగుడ్డ కప్పి 15–20 నిమిషాలు ఉంచాలి. పెద్ద నిమ్మకాయంత ఉండలు 16 దాకా వస్తాయి. రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి ఒత్తి, బాగా కాలిన కొమాల్ మీద, అంటే పెనం మీద, మొదటి వైపు అర నిమిషం, రెండో వైపు ఒక నిమిషం, మళ్లీ తిప్పి ఇంకో అర నిమిషం కాల్చాలి. జొన్నరొట్టె చేసినవాళ్లకు ఈ పిండి స్వభావం వెంటనే తెలుస్తుంది. దీన్లోనూ సాగే జిగురు లేదు, అంచులు పగులుతుంటే నీళ్లు చాల్లేదని అర్థం, ప్లాస్టిక్‌కు అంటుకుంటుంటే ఎక్కువయ్యాయని. ఉండ చేయడం, ఒత్తడం పిల్లలకు, పెనం పెద్దలకు. కాలినవి గుడ్డలో చుట్టిపెడితేనే మెత్తగా ఉంటాయి.

సోపా దె ఫిదేయో, అంటే టమాటా రసంలో ఉడికించిన సన్న సేమ్యా సూపు, దీనికి పూర్తిగా భిన్నం. అడగడాలు ఉండవు, చెంచా, గిన్నె అంతే. కానీ చేతులు తీరికగా ఉంటాయి, నోరు నెమ్మదిస్తుంది. ఐదారేళ్ల పిల్ల బడి కబుర్లు చెప్పడానికి సూపు రాత్రి బాగుంటుంది. అడగడం నేర్పాలంటే టాకోలు, కథ చెప్పించాలంటే సూపు.

డిసెంబరులో తమాలెస్, అంటే మొక్కజొన్న పిండిని ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించే పొట్లాలు, చేసుకునే రోజు సంగతి వేరు. ఇంటిల్లిపాదీ కూర్చుని చేసే ఆ పనిని తమలాదా అంటారు. మనిళ్లల్లో పండక్కి అరిసెలు వండినంత హడావిడి. ఆ రోజు స్పానిష్ క్రియలకు నిండు పంట: ఊంతా (పూయి), దోబ్లా (మడువు), అమార్రా (కట్టు). మొక్కజొన్న పొత్తి ఆకులు వేడినీళ్లలో కనీసం అరగంట నానాలి. పిండి చాలినంత గుల్లగా కలిసిందో లేదో చూడడానికి చిన్న ఉండను చన్నీళ్లలో వేస్తారు. తేలితే చాలు, మునిగితే ఇంకా కొట్టాలి. ఆ గ్లాసు పిల్ల ముందు పెట్టి "ఫ్లోతా?" (తేలుతోందా) అని అడగండి, జవాబు కోసం తొందరపెట్టనక్కర్లేదు, కళ్లు విప్పార్చుకుని తనే చెబుతుంది. ఆకు నున్నని వైపు చెంచా వెనుకతో పిండి పూయడం నాలుగేళ్ల పిల్ల చేయగలదు. ఆవిరి మీద గంట నుంచి గంటన్నర పడుతుంది, ఆకు అంటుకోకుండా ఊడివస్తే ఉడికినట్టు. పిల్లల్ని ఆ కుండకు దూరంగా ఉంచండి.

ఎవరి స్పానిష్, ఏ మాట

అమ్మది మెక్సికో, నాన్నది వెనిజులా అయితే బీన్స్‌కే రెండు పేర్లు: ఫ్రిహోలెస్, కరవోతాస్. ప్యూర్టోరికోలో అబిచ్వేలాస్, చిలీ, అర్జెంటీనాల్లో పొరోతోస్. అగ్వకాతెను ఆ రెండు దేశాల్లో పాల్తా అంటారు. స్ట్రా మెక్సికోలో పొపోతె, కొలంబియాలో పితియో. తోర్తియా అంటే స్పెయిన్‌లో గుడ్డు–బంగాళాదుంప అట్టు. ఒకే పేరు ఎంచుకోవాలా అని అడిగితే, వద్దు. వంగకాయ అన్నా వంకాయ అన్నా మన పిల్లలకు తెలిసినట్టే, అమ్మ మాట ఇది, నాన్న మాట ఇది అని పిల్లలు ఇట్టే పట్టేస్తారు. ఏ పేరు సరైనదని పెద్దలు వాదించుకోవడమే పిల్లను మాట్లాడకుండా చేస్తుంది. తూ, ఉస్తేద్ కూడా అంతే. అవి సుమారుగా మన నువ్వు, మీరు. బామ్మను ఉస్తేద్ అనే ఇళ్లున్నాయి, తూ అనేవీ ఉన్నాయి. కొలంబియాలో, కోస్టారికాలో పిల్లలనే ఉస్తేద్ అనే ఇళ్లు కూడా ఉన్నాయి. మీ ఇంటి ఆచారమే పాటించండి.

ఇంగ్లీష్ మీద పడి స్పానిష్ వంగిపోయే చోట్లు మాత్రం తెలుసుకుని ఉండాలి. "హాట్" ఒక్కటే మాట ఇంగ్లీష్‌లో, స్పానిష్‌లో వేడికి కాలియెంతె, కారానికి పికాంతె. సాల్సా (కారపు పచ్చడి) "కాలియెంతె" అని పిల్ల గిన్నె నెట్టేస్తే, చల్లారాక తింటుందని పెద్దలు పక్కన పెడతారు, చల్లారినా కారం పోదు కదా. ఆకలికి ఇంగ్లీష్ అచ్చులో "ఎస్తోయ్ ఆంబ్రె" అంటారు, కావలసింది "తెంగో ఆంబ్రె". గ్లాసు కింద పడినప్పుడు ఇంగ్లీష్ "ఐ డ్రాప్డ్ ఇట్" అని తప్పు తన మీద వేసుకుంటుంది. స్పానిష్‌లో "సె మె కయో ఎల్ వాసో", అచ్చం మన "గ్లాసు జారిపోయింది" లాగా. నీళ్లు ఒలికిన ఆ క్షణంలో కోప్పడకుండా, గుడ్డ అందిస్తూ ఆ వాక్యం నెమ్మదిగా అనండి. ఈ వాక్యం పాఠంతో వచ్చేది కాదు.

పుస్తకం కొనేటప్పుడు

కుటుంబ భోజనం మీద రెండు భాషల బొమ్మల పుస్తకాలు చాలా దొరుకుతాయి. ఒకే పేజీలో రెండు భాషలూ ఉన్నవి స్పానిష్ అంతంత మాత్రంగా వచ్చిన తల్లిదండ్రులకు ఆసరా. కానీ ప్రతి పేజీ రెండుసార్లు చదివితే పిల్ల ఇంగ్లీష్ వంతు కోసం ఎదురుచూస్తుంది. ఒక రాత్రి ఒక భాషే చదవండి. ఇంగ్లీష్ కథలో అక్కడక్కడా స్పానిష్ మాటలు చల్లినవి ఇంగ్లీష్ పుస్తకాలే, ఆ లెక్కలోనే కొనండి. మాటలు లేని బొమ్మల పుస్తకం రెండు మూడేళ్లకు అన్నిటికంటే చవక, ఎక్కువ కాలం వస్తుంది. కొనేముందు స్పానిష్ అక్షరాలు ఇంగ్లీష్ కంటే చిన్నగా వేశారేమో, ప్రశ్నల మొదట్లో తలకిందుల ప్రశ్నార్థకం ఉందో లేదో చూడండి. అవి సరిగా లేకపోతే అనువాదం మీద కూడా శ్రద్ధ పెట్టి ఉండరు. చదవడం మొదలుపెట్టిన పిల్లకు పీ, ఏ, ఎన్ అన్న మూడక్షరాలు ఒక భాషలో రొట్టె, ఇంకో భాషలో పెనం అని చూపిస్తే సంబరపడుతుంది.

తెలుగు ఇంట్లో స్పానిష్ బడి పిల్ల

టెక్సస్, కాలిఫోర్నియా లాంటి చోట్ల ప్రభుత్వ బడుల్లో స్పానిష్–ఇంగ్లీష్ రెండు భాషల తరగతులు ఉన్నాయి, తెలుగు పిల్లలూ చేరుతున్నారు. ఈ దారికి నాంది 1963లో మయామిలోని కోరల్ వే బడి. కొన్ని బడుల్లో మొదట 90 శాతం స్పానిష్‌తో మొదలుపెట్టి తరగతి పెరిగేకొద్దీ తగ్గిస్తారు, కొన్నింట్లో మొదటినుంచీ సగం సగం. బడిలో స్పానిష్ వస్తోంది కదా, ఇంట్లో భోజనాల దగ్గర కూడా అదే అలవాటు చేద్దామని కొందరు తల్లిదండ్రులు అనుకుంటారు. వద్దని గట్టిగా చెబుతాం. ఆ పిల్లకు ఇంగ్లీష్‌కు ఊరంతా ఉంది, స్పానిష్‌కు బడి ఉంది, తెలుగుకు మీ భోజనాల బల్ల తప్ప ఇంకేమీ లేదు. పైగా మీకు అరకొరగా వచ్చిన స్పానిష్‌లో గోరుముద్దలు తినిపిస్తూ కథ చెప్పలేరు. రాత్రి భోజనం తెలుగే. శనివారం పొద్దున ఒక్క కెసదియా (చీజ్ పెట్టి మడిచి కాల్చిన తోర్తియా) వేసి ఆ పూట స్పానిష్‌లో వడ్డించే పని పిల్లకు ఇవ్వండి, నేర్పేది తను, నేర్చుకునేది మీరు. తెలుగు ఆమెకు సాయమే చేస్తుంది. "మె గుస్తా ఎల్ అర్రోస్" అన్న వాక్యం ఇంగ్లీష్ పిల్లలను తికమక పెడుతుంది. "నాకు అన్నం ఇష్టం" అనే పిల్లకు అందులో కొత్తేమీ లేదు.

మాటలు ఆలస్యమైతే

రెండు భాషలు పెట్టినందువల్లే మాటలు ఆలస్యమయ్యాయని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. అందువల్ల కాదు. మయామిలో స్పానిష్–ఇంగ్లీష్ పసిపిల్లల మీద పియర్సన్, ఫెర్నాండెజ్, ఓలర్ 1993లో ప్రచురించిన పరిశీలనలో, రెండు భాషల మాటలూ కలిపి లెక్కేస్తే వాళ్లు ఒకే భాష పిల్లలకు తీసిపోలేదు. లెక్క కూడా అలాగే కట్టాలి. లేచె అన్నా, మిల్క్ అన్నా, నోటికి సరిగా తిరగక "మీక్" అన్నా లెక్కలోకి వస్తుంది. రెండేళ్లు నిండేసరికి రెండు భాషలూ కలిపి 50 మాటలు లేకపోయినా, "మాస్ ఆగ్వా" (ఇంకా నీళ్లు) లాంటి రెండు మాటల జతలు రాకపోయినా స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. రెండు భాషల్లోనూ పరీక్ష చేసేవారే కావాలని అడగండి, రాసుకున్న మాటల జాబితా వెంట తీసుకెళ్లండి. ఒక భాష మానేయమని సలహా వస్తే, మానేయకుండా ఇంకో థెరపిస్టు దగ్గరికి వెళ్లండి. ఆ లోపు భోజనాల బల్ల మీద భాష మార్చకండి.